ముప్పై ఏడో డబ్బా

"పెరుగన్నం ఎన్నింటికి తిన్నావు బాబూ?"

రమాకుమారి అడిగిన మొదటి ప్రశ్న అది. గదిలో ఉన్న ముగ్గురు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హత్యాప్రయత్నం కేసులో మొదటి ప్రశ్న ఇలా ఉండకూడదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

కలకత్తాలో భవానీపూర్ తెలుగు సమితి ఆఫీసు. మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభై. గోడమీద ఆ పోస్టరు ఇంకా వేలాడుతోంది: 'జనవరి చరిత్ర యాత్ర. శనివారం ఉదయం చంద్రకేతుగఢ్ శిథిలాలు, మధ్యాహ్నం నుంచి ప్లాసీ యుద్ధభూమి.' బస్సు ప్లాసీ దాకా వెళ్ళలేదు. చంద్రకేతుగఢ్‌లోనే, రెండు వేల ఏళ్ళనాటి ఇటుక గోడల మధ్య గోతిలో, యాత్ర నడిపిస్తున్న కోదండం మాస్టారు తల పగిలి కనిపించారు. అప్పుడు టైము ఎనిమిదీ యాభై. మూడు రోజులైంది, ఆస్పత్రిలో ఆయన కళ్ళు తెరవలేదు. ఆయన సంచీలో ఉండాల్సిన నోటుపుస్తకం లేదు. ఆ శిథిలాల దిబ్బ మీద బయటపడిన మట్టిబొమ్మల ఫొటోలు, వివరాలు ముప్పై ఏళ్ళుగా ఆయన అందులోనే దాచుకున్నారు.

నేరం బస్సు క్లీనరు గవరయ్య మీద పడింది. పడింది అనడం తప్పు. తెచ్చి పెట్టారు.

పెట్టింది ఎదురుగా కూర్చున్న అభిజిత్. ఇరవై ఆరేళ్ళు, బ్యాంకు ఉద్యోగం, ఇంకా ప్రొబేషను. మధ్యాహ్నం మూడింటికి బారాసత్‌లో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వబోతున్నాడు. అది రికార్డుకెక్కితే గవరయ్యకి బెయిలు మాట మరిచిపోవచ్చు.

"ఎనిమిదింపావుకి ఆంటీ," అన్నాడు అభిజిత్. "తలనొప్పిగా ఉండి నేను దిబ్బ ఎక్కలేదు. బస్సులో వెనక డబ్బాలుంటే ఒకటి తీసుకుని తింటూ కూచున్నా. ఎనిమిదిన్నరకి కిటికీలోంచి చూస్తే గవరయ్య గోతివైపు నుంచి పరిగెత్తుకొస్తున్నాడు. చేతిలో ఇటుక ఉంది."

"ఎలా ఉంది?"

"ఇటుకా?"

"పెరుగన్నం."

అభిజిత్ తడబడ్డాడు. కానీ ఇది సులువైన ప్రశ్నే కదా. "ఫస్ట్ క్లాస్ ఆంటీ. గట్టిగా తోడుకుని, కొంచెం పులుపు తగులుతూ, పోపు ఘుమఘుమలాడుతూ... అన్నపూర్ణ ఆంటీ చెయ్యి కదా."

రమాకుమారి అది ఒక్క అక్షరం పోకుండా రాసుకుంది. ఇరవై ఏళ్ళు ఒక ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకున్న మనిషి. జనం పెద్ద అబద్ధాన్ని బాగా బట్టీపట్టి, పక్కనున్న చిన్న సంగతి దగ్గర స్వేచ్ఛగా మాట్లాడతారని ఆమెకు తెలుసు.

"అరే దీదీ, ఇదేమన్నా టీవీలో వంటల ప్రోగ్రామా?" పక్క కుర్చీలోంచి పోలిరాజు నవ్వాడు. ఒకప్పుడు పోలీసు శాఖ, ఇప్పుడు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ. వేలికి మూడు ఉంగరాలు, మాటకి మూడు భాషలు. "ఇంతకీ ఆవాలు ఎన్ని పడ్డాయో అడగలేదే?"

"మీరు అడిగారా?"

"నాకు అలాంటి అవసరం రాదు. గోపీనాథ్ దాదా నన్ను ఆదివారం పొద్దున పిలిచారు. సాయంత్రానికి సాక్షిని చూపించా. అంతవరకు ఆ ఠాణావాళ్ళ దగ్గర ఉన్నది ఉత్త అనుమానం. నేను ఆ మట్టిదిబ్బ ముఖం కూడా చూడలేదు. చూడకుండా తేల్చడమే తెలివంటే."

"చూసి తేల్చలేకపోవడం నా తెలివితక్కువ అంటారు."

"మీరే అన్నారు, నేను అనలేదు."

బల్ల చివర సమితి అధ్యక్షుడు గోపీనాథ్ దగ్గాడు. అభిజిత్ పనిచేసే బ్యాంకులో పెద్ద అధికారి. దగ్గితే ఫైళ్ళు కదిలే మనిషి. "చూడమ్మా, సమితి పరువు పోకుండా ఈ వ్యవహారం తొందరగా ముగిస్తే అందరికీ మంచిది. ఆ గవరయ్య కుటుంబానికి మేం ఏదో ఒకటి చేస్తాం."

తలుపు దగ్గర నిలబడ్డ రోజారాణి ఇక ఆగలేకపోయింది. గవరయ్య కూతురు. రమాకుమారిని వెతుక్కుని తీసుకొచ్చింది ఈ పిల్లే. మెటియాబ్రుజ్‌లో దర్జీ కార్ఖానాలో మిషను కుడుతుంది. మూడు రోజులుగా మిషను ఎక్కలేదు.

"ఏటి సేత్తారు బాబూ మీరు? మా అయ్య మాస్టారిని ఎందుకు కొడతాడు? పుస్తకాలు ఒగ్గీసి మాతోటి కూకుని తిన్న మనిషాయన!"

"తగాదా పడ్డాడు కదా," అన్నాడు పోలిరాజు తాపీగా. "అందరూ విన్నారు."

"తగాదా ఏటి? గాలి కొట్టకుండా నాలుగిటికలు అడ్డెట్టి టీ స్టవ్వు ఎలిగించినాడు. అవి పాతకాలపువని మాస్టారు కేకలేసినారు. మా అయ్య తీసి మళ్ళీ ఎక్కడియక్కడెట్టీసినాడు. సేతికి ఇటికె ధూళి అంటదా మరి?"

"చేతికి ఇటుక ధూళి," పోలిరాజు వేలు ఎత్తాడు. "ఇప్పుడు ఆవిడే చెప్పింది."

రమాకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఆమెకు కోపం వచ్చిందని తెలుసుకోవడం తేలిక. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో పుట్టి కలకత్తా కాన్వెంటులో చదివినా, కోపం వస్తే భాష మాత్రం తాతగారి శ్రీకాకుళం వెళ్ళిపోతుంది.

"ఏటండీ మీ గొడవ? మనిషిని లోపలెట్టించి, వాడి కూతురు ముందే నవ్వుతారేటి?"

అంతలో మూలమీది దుకాణం నుంచి మట్టి ముంతల్లో టీలు వచ్చాయి. పోలిరాజు తనది ముక్కు దగ్గరికి తీసుకుని, ముఖం చిట్లించి, బల్లమీద దూరంగా నెట్టేశాడు. "ఆదా వేశాడు వెధవ. అల్లం చుక్క పడితే చాలు, నా ఒళ్ళంతా దద్దుర్లు." తర్వాత రమాకుమారి వైపు తిరిగాడు. "దీదీ, మీ కోపం నాకర్థమైంది. కానీ మాస్టారి మంచం దగ్గర కూడా నా మనిషినే కాపలా పెట్టా, తెలుసా? రాత్రీ పగలూ. ఆయన కళ్ళు తెరిస్తే మొదట తెలిసేది నాకే. మీరు ఈలోగా పోపు సంగతి చూసుకోండి."

రమాకుమారి తన టీ మొత్తం తాగి, ముంత కింద పెట్టి లేచింది. అల్లం బాగానే పడింది. కోపానికి మంచిది కాదు గానీ గొంతుకు మంచిది.

*

బస్సు సంత్రాగాఛిలో ఒక గారేజీలో ఉంది. పదకొండయ్యేసరికి రమాకుమారి, రోజారాణి అక్కడ దిగారు. గారేజీ మేస్త్రీ సుందర్ కూడా తెలుగువాడే. తాళం తీస్తూ ముక్కు మూసుకున్నాడు.

"లోపల కంపు కొడతాంది మేడమ్. శనివారం నుంచి ఎవుడూ ఊడవలేదు."

"ఎందుకు ఊడవలేదు?"

"ఊడిసీవోడు గవరయ్య కదా. ఆడు లాకప్పులో ఉన్నాడు."

రమాకుమారి మెట్టుమీద ఒక్క క్షణం ఆగిపోయింది. శుభ్రం చేసే మనిషినే దొంగని చేసి తీసుకుపోతే, వదిలేసిన సాక్ష్యాలన్నీ వదిలేసిన చోటే ఉంటాయి. ఈ మాత్రం ఆలోచన పోలిరాజుకు మూడు భాషల్లో ఒక్కదాంట్లోనూ రాలేదు.

సీట్ల కింద బఠాణీ పొట్టు, నారింజ తొక్కలు, పిల్లల టోపీ ఒకటి. ఆమె నేరుగా వెనక్కి నడిచింది. చివరి సీటు మీద పెద్ద అట్టపెట్టె. దాని పక్కన రెండు దళసరి కంబళ్ళు, ఒక తువ్వాలు.

"ఈ కంబళ్ళు ఎవరివి? చలికి తెచ్చుకున్నారా?"

"కాదక్కా," అంది రోజారాణి. "మా అయ్య శనివారం పొద్దున ఫోనులో నవ్వినాడు. పెసిరెంటుగారింటి అమ్మగోరు అన్నం డబ్బాలకి దుప్పట్లు కప్పమన్నారంట, చంటిబిడ్డల్లా. ఆ పెట్టె ఎత్తి బస్సులో ఎట్టింది మా అయ్యే."

రమాకుమారి కంబళి అంచు పట్టుకుని అలాగే నిలబడింది. తొమ్మిదీ నలభైకి విన్న మాట చెవిలో మళ్ళీ పలికింది. గట్టిగా తోడుకుని, కొంచెం పులుపు తగులుతూ.

"సుందర్, నువ్వు ఇటు వచ్చి నిలబడు. నేను ఏం ముట్టుకుంటున్నానో చూడు. రోజా, ఫోనులో వీడియో తియ్యి. మాట్లాడకు."

అట్టపెట్టె అడుగున ఒకే ఒక్క డబ్బా మిగిలింది. అల్యూమినియం రేకు డబ్బా, అట్ట మూత. మూతకు అడ్డంగా ఎర్ర ఉన్ని పోగు కట్టి ముడి వేసి ఉంది. ఆమె ముడి విప్పకుండా మూత మూల మాత్రం లేపింది. మూడు రోజుల పెరుగన్నం ఎలా కంపుకొట్టాలో అంతా కొట్టింది. పెన్ను మొనతో కాస్త కదిపి చూసింది. ఆవాలు ఉన్నాయి. మిరపకాయ ఉంది. కరివేపాకు ఉంది. ఆమె ఇంకా ఏదో వెతికింది. దొరకలేదు. మూత మూసేసింది.

"ఏటక్కా?" రోజారాణి గుసగుసలాడింది.

"మీ నాన్న ఈ మధ్యాహ్నమే ఇంటికి రాకపోవచ్చు. కానీ మూడింటికి ఆ కుర్రాడు నోరు తెరవడు. అది మాత్రం నేను చూసుకుంటాను."

*

పన్నెండూ నలభై ఐదుకి సమితి ఆఫీసు మెట్లెక్కుతుంటే కింద కారు సిద్ధంగా ఉంది. బారాసత్ ప్రయాణానికి అభిజిత్ కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు. గోపీనాథ్ వాచీ చూసుకుంటున్నాడు. పోలిరాజు కాగితం మీద ఏదో రాసి కుర్రాడి చేత చదివిస్తున్నాడు. పొద్దుటి ముంతలు బల్లమీద అలాగే ఉన్నాయి. ఇక్కడా ఊడ్చే మనిషి గవరయ్యే.

రమాకుమారి డబ్బా తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది. ముగ్గురూ వెనక్కి జరిగారు.

"ఛీ ఛీ, ఏమిటిది?"

"సాక్షి. మీ సాక్షి కన్నా కాస్త కంపు ఎక్కువ, అంతే."

"ఇదిగో అమ్మా," గోపీనాథ్ గొంతు పెంచాడు, "మాకు టైము లేదు."

"నాకూ లేదు. అందుకే మీ ఆవిడకి కింద నుంచే ఫోను చేశాను. మూడో అంతస్తే కదా, వస్తున్నారు."

అన్నపూర్ణ పమిటతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సమితిలో ఏ పండగకైనా వంద మందికి వండిపెట్టేది ఆవిడే. ఏ మీటింగులోనూ ఆవిడకి కుర్చీ వెయ్యరు. ఈరోజు రోజారాణి వేసింది.

"అన్నపూర్ణగారూ, శనివారం పెరుగన్నం ఎన్నింటికి కలిపారు?"

"తెల్లవారుజామున నాలుగున్నరకండీ." ఆవిడ కాస్త సిగ్గుపడింది. "బాగాలేదా?"

"ఎలా కలిపారు?"

"ఎలా ఏముంది, అందరూ కలిపినట్టే. అన్నం మెత్తగా చిదిపి, గోరువెచ్చటి పాలు పోసి, గరిటెడు పెరుగు తోడు వేశాను. తినేది మధ్యాహ్నం కదా. పొద్దున్నే పెరుగు కలిపేస్తే అప్పటికి నోట పెట్టలేనంత పులిసిపోదూ? పాలైతే దారిలో తోడుకుంటుంది. ఈ చలికి తోడుకోదేమోనని కంబళ్ళు కూడా కప్పించాను."

"ఎనిమిదింపావుకి ఒక డబ్బా విప్పితే?"

"అప్పుడెవరు విప్పుతారండీ? అప్పటికి అది ఉప్పేసిన పాలన్నం. ఆవాలు తేలుతూ ఉంటాయి. నోట్లో పెట్టుకుంటే ఉమ్మేస్తారు."

అభిజిత్ చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

రమాకుమారి నోటుపుస్తకం తీసి చదివింది. "గట్టిగా తోడుకుని, కొంచెం పులుపు తగులుతూ, పోపు ఘుమఘుమలాడుతూ. ఇది నువ్వు చెప్పిందేగా బాబూ? పుట్టినప్పటి నుంచీ పెరుగన్నం తింటున్నావు. అది ఎలా తయారవుతుందో ఒక్కరోజైనా వంటింట్లోకి తొంగిచూశావా? పాపం, డబ్బాలోనే పుడుతుందనుకున్నావు."

"ఆంటీ, నేను..."

"అన్నపూర్ణగారూ, వీడికి డబ్బా ఎప్పుడిచ్చారు?"

"ఒంటిగంటన్నరకి. ఠాణా ముందు అందరికీ నా చేత్తోనే ఇచ్చాను. పెట్టె అప్పుడే విప్పాను, అన్నీ ఉన్నాయి. ముప్పై ఆరుగురం. మాస్టారు ఆస్పత్రికి, గవరయ్య లోపలికి. ఆ రెండూ..." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ రెండూ కానిస్టేబుళ్ళకి ఇచ్చాను. గవరయ్య వాటా తిని, చెయ్యి కడుక్కుని, గవరయ్యనే తీసుకుపోయారు."

రోజారాణి ముఖం గోడవైపు తిప్పుకుంది.

రమాకుమారి అభిజిత్ మీదికి వంగింది. "సూటిగా సెప్పు. బస్సులో ఉన్నావా, లేదా?"

"లేను. రోడ్డు మీద టీ కొట్టు దగ్గర సిగరెట్ కాలుస్తున్నా. గవరయ్యని అసలు చూడనే లేదు. నా ప్రొబేషను ఈ నెల... అంకుల్ చెప్పమన్నారు. ఈయన నేర్పారు."

"కుర్రాడు బెదిరిపోయాడు!" పోలిరాజు బల్ల గుద్దాడు. "అన్నం పేరు చెప్పి సాక్షిని బెదిరిస్తారా? కోర్టులో ఈ వంటలక్క కబుర్లు ఎవరు వింటారు?"

"వంటలక్క కబుర్లు మూడు రోజుల ముందే అడిగి ఉంటే ఒక ముసలాయన లాకప్పులో నేలమీద పడుకునేవాడు కాదు!" రమాకుమారి గొంతు మెట్లదాకా వినిపించింది. "ముప్పై ముగ్గురిని ప్రశ్నించారు. ఏ సీటు, ఏ కిటికీ, ఏ ఇటుక, అన్నీ అడిగారు. అన్నం చేసిన మనిషిని ఒక్కమాట అడగడానికి మీకు నామోషీ!"

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇప్పటికి సగమే అయింది. మిగతా సగానికి కోపం పనికిరాదు.

ఎర్ర ఉన్ని పోగును వేలితో తట్టింది. "ముప్పై ఆరుగురు అన్నారు. ముప్పై నాలుగు డబ్బాలు మీరు తిన్నారు, రెండు కానిస్టేబుళ్ళు తిన్నారు. మరి ఇది ఎవరిది?"

అన్నపూర్ణ డబ్బాని అప్పుడే చూసినట్టు చూసింది. చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అన్నపూర్ణా," గోపీనాథ్ అన్నాడు. మెల్లగానే అన్నాడు. "పైకి వెళ్ళు. నీకు బీపీ."

ఆవిడ లేచింది. రెండడుగులు వేసింది. తలుపు పక్కన రోజారాణి దారి ఇచ్చింది. అన్నపూర్ణ ఆ పిల్ల ముఖం చూసి ఆగిపోయింది.

"ఆ పెట్టె బస్సులోకి ఎత్తింది మీ నాన్నే," అంది. "బరువుందయ్యా, ఎవరినైనా సాయం పిలవమంటే, మీ వంట బరువేటమ్మా అన్నాడు." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరే కదండీ చెప్పారు? శుక్రవారం సాయంత్రం."

"అన్నపూర్ణా!"

"మాస్టారు వచ్చి నోటుపుస్తకం మీ ముఖం ముందు ఆడించి, మట్టిబొమ్మలు మన యాత్రల్లోనే మాయమవుతున్నాయి, ప్లాసీ నుంచి రాగానే నేనే పోలీసులకి రాసి పంపిస్తానని అరిచి వెళ్ళిపోయారు. మీరు గదిలోకి వెళ్ళి ఎవరితోనో ఫోనులో మాట్లాడారు. బయటికొచ్చి నాతో అన్నారు, రేపు చంద్రకేతుగఢ్ దగ్గర ఇంకో మనిషి కలుస్తాడు, ఒక డబ్బా ఎక్కువ కట్టమని. ఆ మనిషి నాకైతే కనబడలేదు. తినడానికీ రాలేదు."

రమాకుమారికి మాస్టారి మాట ఒకటి గుర్తొచ్చింది. ఆ ఉదయం బస్సులో ఆయన చెప్పారని అందరూ చెప్పిన మాటే. ప్లాసీ యుద్ధం మామిడితోపులో జరగలేదర్రా, ముందే గదుల్లో మాట్లాడుకున్నారు, తోపులో జరిగింది ఉత్త తతంగం.

"దానికి ఈ పోగు ఎందుకు కట్టారు?"

"కలిసిపోకూడదని గుర్తుకండీ. అన్నింట్లోనూ అల్లం దండిగా వేశాను, చలి కదా. ఇది ఒక్కటీ విడిగా కలిపాను." ఆవిడ ఇంకా భర్తనే చూస్తోంది. "ఆ మనిషికి అల్లం పడదన్నారు. చుక్క తగిలినా ఒళ్ళంతా దద్దుర్లట."

బల్ల చివర ఒక మట్టి ముంత ఉంది. నిండుగా ఉంది. పొద్దుటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. పైన దళసరిగా మీగడ కట్టింది.

అభిజిత్ దాన్ని చూశాడు. గోపీనాథ్ చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. ఆదివారం పొద్దున పనిలోకి దిగానన్న మనిషి, ఆ దిబ్బ ముఖం కూడా చూడలేదన్న మనిషి, కుర్చీ వెనక్కి తోసి తలుపువైపు రెండడుగులు వేశాడు.

రోజారాణి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. రోజుకు పన్నెండు గంటలు మిషను తొక్కే కాళ్ళు అవి.

"ఏటి బాబూ," అంది, "టీ తాక్కుండా ఎల్లిపోతన్నావేటి?"

పోలిరాజు జేబులు తడుముకున్నాడు. ఫోను జేబులో లేదు. బల్లమీద, కుర్రాడికి రాసిచ్చిన కాగితం పక్కనే వెల్లకిలా ఉంది. రమాకుమారి చెయ్యి వెళ్ళేలోపే అది బుర్రుమని కదిలింది. తెర వెలిగింది.

ఆస్పత్రిలో కాపలా మనిషి. బంగ్లాలో రెండే ముక్కలు.

చోఖ్ ఖులేఛే. కీ కోర్‌బో?

కళ్ళు తెరిచాడు. ఏం చెయ్యమంటారు?